సొంతవాళ్ల బెడ్

"ఆ కత్తి కింద పెట్టండి!"

వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకి మనవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చేతిలో తళతళలాడే కత్తి. ఎదురుగా మంచం మీద, సబ్బు నురగ పూసిన మొహంతో కూర్చున్న కన్నతండ్రి. కొత్తవాళ్లెవరైనా చూస్తే ఆస్తి తగాదా అనుకునేవాళ్లు.

"గడ్డం గీస్తున్నానండీ. హత్య కాదు."

"రెండింటికీ పెద్ద తేడా ఏం లేదు. ముందు కింద పెట్టండి."

అప్పుడు తిరిగి చూశాడు. నీలం యూనిఫాంలో ఒక పొట్టి అమ్మాయి. జుట్టు బిగించి ముడి వేసుకుంది, చేతిలో బీపీ మిషను ఉంది. మనిషి పిడికెడే కానీ చూపులో మాత్రం పోలీస్ స్టేషనే ఉంది.

"చూడండి నర్సమ్మా," అన్నాడు మనవాడు ఛాతీ కాస్త పెంచి. "నాకు మీసం రాకముందునుంచీ పట్టిన కత్తి ఇది. మాకు సెలూను ఉంది. ఇంతవరకూ ఒక్క గడ్డం మీద గాటు పడలేదు."

"నర్సు కాదు, నర్సింగ్ అసిస్టెంటుని. మీ చెయ్యి బంగారమే కావచ్చు, ఎవరు కాదన్నారు? కానీ ఈయనకి రక్తం పల్చబడే మందు ఇస్తున్నారు. గోరంత గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు. కత్తి వద్దు, బ్లేడు వద్దు. కరెంటు ట్రిమ్మరు ఒక్కటే. తల దగ్గర బోర్డు మీద రాసే ఉందిగా, చదవలేదా?"

మనవాడు బోర్డు వైపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో చుక్కలు, పక్కన ఒక గీత.

"అది చదవడానికాండీ? ఏదో లారీ నంబరనుకున్నాను."

పక్క బెడ్ తాతకి నవ్వొచ్చింది, నవ్వుతో దగ్గొచ్చింది. అమ్మాయికీ నవ్వొచ్చినట్టే ఉంది కానీ బీపీ మిషను సర్దుతున్నట్టు తల తిప్పుకుంది.

అంతలో నురగ మొహంతో పెద్దాయన గంభీరంగా అన్నాడు: "తల కాస్త వంచండి."

ఆమె కంగారుపడి తల వంచింది. "ఎందుకండీ బాబాయ్ గారూ?"

"ఏం లేదులెండి," అన్నాడు మనవాడు, ఈసారి గొంతు తగ్గించి. "పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి వచ్చే మాట అదొక్కటే. జన్మంతా కుర్చీలో కూర్చున్నవాళ్లందరికీ చెప్పిన మాట కదా, అన్ని మాటలూ పోయి అది మిగిలింది. ఆకలేసినా అదే, నొప్పేసినా అదే. మీరు వంచిన తల ఎత్తొచ్చు."

ఆమె తల ఎత్తింది. ఇప్పుడా చూపులో పోలీస్ స్టేషను లేదు. తడి తువ్వాలు తెచ్చి, "బాబాయ్ గారూ, మొహం తుడుస్తానండీ," అని చెప్పి మరీ, పెద్దాయన మొహం మీద నురగంతా మెల్లగా తుడిచింది. తర్వాత మనవాడి వైపు తిరిగింది.

"బోర్డు మా కోసం రాసుకున్నది. మీకు అర్థమయ్యేలా చెప్పాల్సింది మేమే. అది మా తప్పు. చూడండి, ఎన్.పి.ఓ. అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. చుక్క నీళ్లు కూడా. మింగడం సరిగ్గా వస్తోందో లేదో చూసేదాకా అంతే."

"ప్రేమగా ఒక స్పూను కాఫీ?"

"ప్రేమగా ఇచ్చినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది."

* * *

అలా మొదలైంది మనవాడి చదువు. బడిలో ఉన్నప్పుడు పుస్తకం తెరిస్తే నిద్రపోయేవాడు. ఇప్పుడు పొద్దున్నే సెలూను తెరిచి, పని కాగానే షట్టరు దింపేసి, వార్డుకి పరుగెత్తుకొచ్చి బోర్డు ముందు నిలబడేవాడు. తండ్రి మీద ప్రేమే అనుకుందాం. నూటికి నూరుపాళ్లూ అదే అంటే మాత్రం పక్క బెడ్ తాత కూడా ఒప్పుకోడు.

"బి.డి. అంటే?"

"రోజుకి రెండు పూటలు."

"టి.డి.ఎస్.?"

"మూడు పూటలు."

"హెచ్.ఎస్.?"

"పడుకునే ముందు."

"మరి ఈ ఎస్.ఓ.ఎస్.?"

"అవసరమైతేనే. నొప్పి ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు."

మర్నాడు ఆమె థర్మామీటరు పెడుతుంటే మంచం అవతలి పక్కనుంచి అడిగాడు. "మీ నవ్వు ఏ లెక్కనండీ? బి.డి. యా, టి.డి.ఎస్. యా?"

"ఎస్.ఓ.ఎస్.," అంది ఆమె తలెత్తకుండానే.

"అయితే నాకిప్పుడు చాలా అవసరంగా ఉందండీ."

"అవసరమో కాదో డాక్టరుగారు చెప్పాలి. మీరు చెప్తే కాదు."

పెద్దాయన మింగే పరీక్షలో పాసయ్యాడు. బోర్డు మీద ఎన్.పి.ఓ. చెరిపేసి మెత్తటి తిండి అని రాశారు. తినిపించడం ఎలాగో ఆమె దగ్గరుండి నేర్పింది. నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న స్పూను. కుడి వైపు పడిపోయింది కాబట్టి ముద్ద ఎడమ బుగ్గలో పెట్టాలి. గడ్డం కిందికి దించమనాలి, మింగేదాకా ఆగాలి.

"బాబాయ్ గారూ, తల కాస్త వంచండి," అంది ఆమె.

పెద్దాయన తనకి బాగా తెలిసిన మాట ఇంకొకరి నోట విని కళ్లు పెద్దవి చేశాడు. ఇన్నాళ్లూ తను అందరికీ చెప్పిన మాట తనకే ఎవరో చెబుతున్నారు. తల వంచాడు, మింగాడు. తర్వాత మూతి ఒక పక్కకి లాగి నవ్వాడు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. అది చూసి మనవాడు కిటికీ దగ్గరికెళ్లి వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు. బయట ఎండ కాస్తోంది.

కాసేపటికి మంచం దగ్గరికి వచ్చి, "ఒక మాటండీ," అన్నాడు.

"చెప్పండి."

"మా నాన్నని బాబాయ్ అనకండి."

"అదేంటి? అందరినీ అలాగే పిలుస్తాం."

"అందరినీ పిలుచుకోండి. మా నాన్నని వద్దు."

"ఎందుకో?"

"ఎందుకేంటండీ! ఆయన మీకు బాబాయ్ అయితే నేనేమవుతానో కాస్త లెక్క వెయ్యండి."

ఆమె లెక్క వేసింది. చెవులదాకా ఎర్రబడింది. స్పూను గిన్నెలో పెట్టి, "మూతి తుడవండి ఆయనకి," అని విసవిసా వెళ్లిపోయింది. కానీ మర్నాటినుంచీ పెద్దాయనని "పెద్దాయనా" అనే పిలిచింది. ఆ చిన్న మార్పుకి మనవాడు ఆ రోజు సెలూన్లో అందరికీ ఊరికే తల మర్దనా చేసి పంపాడు.

మాటలు కలిశాక ఆమె తన సంగతులూ చెప్పింది. ఇంట్లో అమ్మ, తను. ఆ మధ్య ఒక సంబంధం వచ్చిందట. అబ్బాయికి నచ్చింది. అబ్బాయి తల్లి మాత్రం, బెడ్ పాన్లు ఎత్తే చేతులు మా వంటింట్లోకి వద్దు, ఉద్యోగం మానేస్తేనే మాట్లాడదాం అందట.

"మీరేమన్నారు?"

"సంబంధం మానేశాను," అంది దిండు గలేబు మారుస్తూ. నవ్వుతూనే చెప్పింది కానీ దిండుని కావలసినదానికంటే రెండు దెబ్బలు ఎక్కువే కొట్టింది.

* * *

ఒక పొద్దున హెడ్ సిస్టరు వచ్చి, "మీ నాన్నగారు బాగా కోలుకుంటున్నారు. ఇంట్లో చూసుకోవడం మీకు వస్తే పంపించేస్తాం. మంచం మీంచి కుర్చీలోకి దింపడం, బట్టలు మార్చడం, తినిపించడం, అన్నీ నా ఎదురుగా చేసి చూపించాలి," అంది.

మనవాడికి ముందు సంతోషం వేసింది. వెంటనే దిగులేసింది. నాన్న ఇంటికెళ్లిపోతే తనింక ఈ వార్డుకి ఏ మొహం పెట్టుకుని వస్తాడు? తండ్రి బాగుపడాలి, కానీ నెమ్మదిగా బాగుపడాలి. ఇలాంటి కొడుకుని ఏమనాలో వాడికే తెలియలేదు.

నేర్పేది ఆమే.

"ఇవాళ పేషెంటుని నేను," అంది ఖాళీ బెడ్ అంచున కూర్చుని, పెద్దాయన నడుముకి కట్టే పట్టీ తన నడుముకి కట్టుకుంటూ. "నా కుడి వైపు పనిచెయ్యదు. కుర్చీలోకి దింపండి."

మనవాడు చక్రాల కుర్చీ తెచ్చాడు.

"అటు కాదు. బాగున్న పక్కకి పెట్టాలి. ఎడమ పక్క."

పెట్టాడు.

"బ్రేకు?"

"వేశాను."

"ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగుతారా?"

"లాగాలనే ఉంది కానీ, లాగకూడదు. భుజం ఊడొస్తుంది. పట్టీ పట్టుకోవాలి, మోకాళ్లు వంచాలి."

"ఊఁ, పరవాలేదు. ఏం చెయ్యబోతున్నారో పేషెంటుకి ముందే చెప్పాలి."

"మిమ్మల్ని ఇప్పుడు లేవదీస్తానండీ," అన్నాడు నసుగుతూ.

"గట్టిగా. పేషెంటుకి చెముడు."

"మిమ్మల్ని ఇప్పుడు లేవదీస్తానండీ!"

వార్డంతా ఇటు తిరిగింది. "లేవదియ్యి బాబూ, ఎన్నాళ్లు చూస్తాం!" అన్నాడు పక్క బెడ్ తాత.

ఒకటి, రెండు, మూడు. ఆమె లేచి నిలబడింది. రెండు మొహాల మధ్య జానెడు దూరం. స్పిరిటు వాసన, సబ్బు వాసన. కనుబొమ్మ పక్కన ఇన్నాళ్లూ కనబడని చిన్న పుట్టుమచ్చ. మనవాడికి తర్వాత చెయ్యాల్సింది ఏమిటో పూర్తిగా మాయమైపోయింది.

"పేషెంటు నిలబడే ఉందండీ," అంది ఆమె, గొంతు కాస్త తగ్గించి. "కళ్లు తిరుగుతున్నాయి."

"నాకూనండీ."

సరిగ్గా అప్పుడే క్యారేజీ పట్టుకుని మనవాడి తల్లి వార్డులోకి అడుగుపెట్టింది. ఇద్దరినీ చూసింది. వెళ్లి భర్త పక్కన స్టూలు మీద కూర్చుంది.

అంతలో అటు చివర బెడ్ నుంచి గంట మోగింది. ఆమె పట్టీ విప్పి పరుగెత్తింది. తెర లాగింది. కాసేపటికి గుడ్డ కప్పిన బెడ్ పాను పట్టుకుని బయటికొచ్చి, దాన్ని కడగడానికి తీసుకెళ్లింది. చేతులు మోచేతులదాకా రుద్ది కడుక్కుని వచ్చి, పెద్దాయన చొక్కా మార్చడం మొదలుపెట్టింది. ముందు పడిపోయిన చెయ్యి తొడగాలి, తర్వాత బాగున్న చెయ్యి. తల్లి అన్నీ కళ్లప్పగించి చూసింది.

చూసి చూసి అడిగింది. "ఇవన్నీ చేసిన చేతులతో అన్నం ఎలా తింటావమ్మా?"

గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. కానీ గుండీ పెడుతున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి. తల్లికి పాత సంబంధం సంగతి తెలియదు, వాడికి తెలుసు.

"అలవాటేనండీ," అంది ఆమె. మిగిలిన గుండీలు పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

* * *

మర్నాడు పెద్దాయన బెడ్ దగ్గర ఆమె లేదు. తలుపంత వెడల్పున్న మగ అసిస్టెంటు నిలబడి ఉన్నాడు. వార్డంతా అతన్ని భీముడంటారు.

"ఆ అమ్మాయి రాలేదా?" అన్నాడు మనవాడు.

"వచ్చింది. అటు వరసలో చేస్తోంది. బెడ్ మార్పించుకుంది."

"ఎందుకు?"

"నేనడగలేదు. రండి, మీ నాన్నగారిని పక్కకి తిప్పుదాం."

మనవాడికి వేరే కారణం వెతకాల్సిన పనే లేకపోయింది. మధ్యాహ్నం తల్లి రాగానే వరండాలోకి పిలిచాడు.

"ఆ మాట ఎందుకడిగావమ్మా? నిన్నటిదాకా నాన్నని కన్నకూతుర్లా చూసిన పిల్ల, ఇవాళ ఈ ఛాయలకే రావట్లేదు."

"అడగాలనిపించింది. అడిగాను," అంది తల్లి.

"అంతేనా?"

"ఇప్పటికి అంతే. క్యారేజీ చల్లారిపోతోంది, పద."

ఇంకొక్క ముక్క కూడా రాబట్టలేకపోయాడు. ఆ తల్లి నోరు విప్పాలంటే ఆమెకే బుద్ధి పుట్టాలి.

తర్వాతి రోజులన్నీ ఉప్పు లేని పప్పులా గడిచాయి. అటు వరసలో నీలం యూనిఫాం కనబడుతూనే ఉంటుంది. ఇటు చూడదు. చూసినా బోర్డు చూసినట్టు చూస్తుంది. మనవాడు పెద్దాయనకి ట్రిమ్మరుతో గడ్డం చేస్తూ ఒక చెంప మరిచిపోయాడు. "తల కాస్త వంచండి," అని పెద్దాయన కొడుకుని కసిరాడు. ఆయన చూపుడు వేలు మాత్రం అటు వరసనే చూపించింది.

ఒకనాడు భీముడితో కలిసి తండ్రికి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ మనవాడు ఉండబట్టలేక అన్నాడు. "మా అమ్మ మాటకి ఆ అమ్మాయికి బాగా కోపమొచ్చినట్టుంది."

"ఏ మాటకి?"

మనవాడు చెప్పాడు. భీముడు పెద్దగా నవ్వాడు.

"ఆ మాటలకి బెడ్లు మార్పించుకుంటే మాకు ఒక్క బెడ్డూ మిగలదు. రోజుకొకరు అడుగుతారు. అయినా మా హెడ్ సిస్టరు అలకలకి బెడ్లు మారుస్తుందనుకున్నారా? రెండే కారణాలు. ఒకటి, నడుం పట్టెయ్యాలి."

"రెండోది?"

"పేషెంటు మన సొంతవాళ్లయి ఉండాలి. సొంతవాళ్లకి మేం చెయ్యం, ఇక్కడ అదొక రూలు. మనవాళ్లయితే సూది చూసినా మనకే నొప్పేస్తుంది. పక్క బెడ్ వాళ్లు గంట కొట్టినా చెవికెక్కదు. అందుకని ముందే వెళ్లి చెప్పి మార్పించుకోవాలి."

"మరి ఆమెకి... నడుం పట్టేసిందా?"

"ఆ అమ్మాయికా! నిన్న మేమిద్దరం కలిసి మంచం తోశాం. పట్టేసింది నా నడుం."

మనవాడి చేతిలో గుడ్డ బక్కెట్లో పడింది. నీళ్లు చింది భీముడి బూట్లు తడిశాయి. పెద్దాయన మూతి ఒక పక్కకి లాగి నవ్వుతున్నాడు. ఈయనకి అన్నీ ముందే తెలుసేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది మనవాడికి.

ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ ఆమె వరండాలో ఎదురైంది. బండి ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"నడుం ఎలా ఉందండీ?"

"ఎవరి నడుం?"

"మీదే. బెడ్ మార్పించుకున్నారుగా."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆఁ... నొప్పి."

"ఏ పక్క?"

"రెండు పక్కలా."

"అంత నొప్పితో ఇన్ని దుప్పట్లు తోస్తున్నారే! లేకపోతే మా నాన్న మీకు చుట్టమా?"

ఆమె పైన ఉన్న దుప్పటి తీసి, మడత విప్పి, మళ్లీ మడతపెట్టింది. తర్వాత నేరుగా వాడి కళ్లలోకి చూసింది.

"మీ నాన్నగారు ఇక్కడ పేషెంటు. ఆయన ఇక్కడున్నంతవరకూ మీరు నన్నేమీ అడక్కూడదు, నేనేమీ చెప్పకూడదు. కష్టంలో ఉన్నవాళ్లకి మేం దేవతల్లా కనిపిస్తాం. ఇంటికెళ్లి కుదుటపడ్డాక ఆ దేవతకి కూడా కోపాలూ చిరాకులూ ఉంటాయని తెలుస్తుంది. అందుకే రూలు. బండికి దారివ్వండి."

"మా అమ్మ అన్న మాట..."

"అదీ అడక్కండి." ఆ మాట దగ్గర మాత్రం గొంతు సన్నబడింది. బండి తోసుకుంటూ రెండడుగులు వేసి ఆగింది. "మీరు పరీక్ష పాసైతే ఇంటికి పంపుతారట. కుర్చీ బ్రేకు మర్చిపోకండి."

ఆ సాయంత్రం నుంచీ మనవాడు భీముణ్ణి పేషెంటుగా కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టాడు. ఆ పర్వతాన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ లేపి మంచం మీద పడేసి, మళ్లీ లేపాడు. "నాయనా, నీ ప్రేమ పండాలి కానీ నా పక్కటెముకలు విరగక్కర్లేదు," అని భీముడు దణ్ణం పెట్టేదాకా వదల్లేదు. నిన్నటిదాకా తండ్రి నెమ్మదిగా బాగుపడాలని కోరుకున్న కొడుకు ఇప్పుడు మాటిమాటికీ డిశ్చార్జి ఎప్పుడని అడుగుతుంటే డాక్టరుగారికి ముచ్చటేసింది.

పరీక్ష రోజున హెడ్ సిస్టరు చేతులు కట్టుకుని నిలబడింది. మనవాడు చేతులు కడుక్కున్నాడు, ఏం చెయ్యబోతున్నాడో తండ్రికి చెప్పాడు, కుర్చీ ఎడమ పక్క పెట్టాడు, బ్రేకు వేశాడు, పట్టీ పట్టుకున్నాడు. పెద్దాయన లేచి నిలబడి, తిరిగి, కుర్చీలో కూర్చున్నాడు. మందుల చీటీ మీద బి.డి., హెచ్.ఎస్. అన్నీ నీళ్లు తాగినట్టు చదివాడు.

"భేష్," అంది హెడ్ సిస్టరు. "ఎవరు నేర్పారు?"

మనవాడు అటు వరసలోకి చూశాడు. అక్కడ ఒక దిండుకి గలేబు మారుతోంది. ఈసారి దాన్ని ఎవరూ కొట్టడం లేదు.

* * *

ఆసుపత్రి మెట్ల ముందుకి టాక్సీ వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. మనవాడు తండ్రిని కుర్చీలోంచి కారులోకి చేర్చాడు. తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, కాళ్లు ఒక్కొక్కటీ లోపలికి పెట్టాడు. తల్లి అవతలి పక్కనుంచి ఎక్కింది. భీముడు ఖాళీ కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

కారు తలుపు వేసి తిరిగేసరికి ఆమె ఎదురుగా ఉంది. యూనిఫాం లేదు, డ్యూటీ అయిపోయింది. జుట్టు ముడి విప్పి జడ వేసుకుంది. చేతిలో గొడుగు ఉంది కానీ తెరవడం మర్చిపోయింది. ఇద్దరూ చూరు దాటి వానలోనే నిలబడ్డారు.

"ఇప్పుడు మా నాన్న పేషెంటేనా?" అన్నాడు మనవాడు.

"కారెక్కారుగా. కాదు."

"అయితే అడగొచ్చా?"

"అడగండి."

రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటలు వానలో కొట్టుకుపోయాయి. మిగిలినవే చెప్పాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీరు ఇటు రాని ఈ రోజులన్నీ నాకు అస్సలు బాగోలేదు. మనం పెళ్లి చేసుకుందామా?"

ఆమె కళ్లు తుడుచుకుంది, వాననీళ్లే అన్నట్టు. "నాకూ ఇష్టమే. ఇష్టం కాబట్టే వెళ్లి హెడ్ సిస్టరుకి చెప్పి బెడ్ మార్పించుకున్నాను. మీ నాన్నగారికి సూది గుచ్చుతుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఇంక ఆ బెడ్ నాది కాదని తెలిసిపోయింది. కానీ నేను ఈ ఉద్యోగం మానను. ఈ చేతులు రేపూ ఇదే పని చేస్తాయి, ఎల్లుండీ ఇదే చేస్తాయి. మీ అమ్మగారు ఆ మాట అన్నప్పుడు ఆ పూట నేను నిజంగానే తినలేకపోయాను. రోజూ ఆ మాట పడుతూ ఒక ఇంట్లో ఉండలేను."

మనవాడు నోరు తెరిచేలోగా, సగం తెరిచే ఉన్న కారు అద్దం పూర్తిగా కిందికి దిగింది. లోపలినుంచి తల్లి భర్త మీదుగా వంగి చూస్తోంది.

"ఇలా రా అమ్మాయ్."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది.

"నా పెళ్లప్పుడు," అంది తల్లి, "మా వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరి నన్నొక మాట అడిగారు. ఊళ్లో వాళ్లందరి తలలూ గడ్డాలూ ముట్టుకునే చెయ్యి మొగుడిది, ఆ చేత్తో ముద్ద పెడితే ఎలా తింటావే అని. నాకు జవాబు రాలేదు. తల దించుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ రోజు ఏం చెప్పి ఉండాల్సిందో నాకు తోచలేదు." తల్లి తన భర్త కుడిచేతిని, పడిపోయిన ఆ చేతిని, ఒళ్లో పెట్టుకుంది. "ఈ చేత్తో నాకు ఎన్ని ముద్దలు పెట్టాడో! నిన్ను చూస్తే, ఈ పిల్లకి నోరుంది, దీనికి జవాబు తెలిసే ఉంటుంది అనిపించింది. అందుకే అడిగాను. నువ్వు కూడా తల దించుకుని వెళ్లిపోయావు. నా మాట నీకు ఎలా తగిలిందో అప్పుడు తెలిసింది. వీడు కేకలేసినా చెప్పలేకపోయాను, సిగ్గేసింది. నన్ను క్షమించు తల్లీ."

మనవాడు తల్లిని అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

ఆమె ముక్కు ఎగపీల్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"జవాబేముందత్తయ్యా. సబ్బుతో కడుక్కుని తింటాం."

తల్లి పకపకా నవ్వింది. పెద్దాయన గొంతులోంచి కూడా గురగురమని ఒక నవ్వు వచ్చింది. "ఇంత చిన్న మాటా! నాకు తోచనే లేదు చూడు," అంటూ తల్లి తన పక్క తలుపు తెరిచి, మధ్యకి జరిగింది. "ఎక్కు, తడిసిపోతున్నావ్. వీడొక్కడే దింపితే నాకు భయం, ఇంటిదాకా రా. వెళ్తూ దారిలో మీ అమ్మని కూడా ఎక్కించుకుందాం. పెద్దవాళ్లం మేం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది."

ఆమె అటు తిరిగి వెళ్లి వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది. పెద్దాయన వైపు వంగి, వీపు వెనక పెట్టిన దిండు సరిచేసి, "బాగా కూర్చున్నారా మావయ్యా?" అంది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టాడు.

ముందు సీట్లో తడిసి ముద్దయిన మనవాడు కూర్చున్నాడు. అత్తయ్య, మావయ్య అన్న రెండు పిలుపులూ వాడి చెవుల్లో ఇంకా మోగుతున్నాయి.

"ఎక్కడికండీ?" అన్నాడు డ్రైవరు.

మనవాడు నోరు తెరిచాడు. పుట్టి పెరిగిన ఇంటి అడ్రసు ఎంతకీ గుర్తురాలేదు.

"బాబుకి మాట పడిపోయినట్టుందత్తయ్యా," అంది వెనకనుంచి ఆమె.

తల్లి నవ్వుకుంటూ డ్రైవరుకి అడ్రసు చెప్పింది.